ఆపరేషన్ కుట్లకు చీము పడితే మాత్రలు సరిపోతాయా?

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు, షుగర్ ఉంది. 12 రోజుల కింద హన్మకొండలో గర్భసంచి ఆపరేషన్ అయింది. కుట్ల దగ్గర వాచి చీము కారుతుంటే డాక్టర్ మూడు కుట్లు విప్పి, కడిగి, చీమును పరీక్షకు పంపారు. లినిజోలిడ్ 600 ఎంజీ మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వాడమన్నారు. జ్వరం లేదు, బాగానే తింటోంది. మా ఊరి ఆర్‌ఎంపీ మాత్రం 'మాత్రలతోని కాదు, ఐదు రోజులు సూది ఏపియ్యాలె' అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, పరకాల

జవాబు: ఊళ్లో సూదులు వేయించకండి. అమ్మకు అన్నిటికంటే అవసరమైన వైద్యం కుట్లు విప్పి చీము బయటికి తీసిన రోజే జరిగింది. చీము లోపలే ఉండిపోతే ఎంత ఖరీదైన మందైనా అక్కడిదాకా సరిగా చేరదు. చీము పోయి, జ్వరం లేక, ఎరుపు కుట్ల చుట్టూనే ఉంటే కొందరికి రోజూ కట్టు మార్చడంతోనే మానిపోతుంది. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి మీ డాక్టర్ మందు కూడా ఇచ్చారు.

సూది గొప్పది, మాత్ర చిన్నది అనే నమ్మకం మన పల్లెల్లో చాలా గట్టిది. మందు రక్తంలోకి చేరిందా లేదా అన్నదే అసలు లెక్క. జెంటామైసిన్ లాంటివి మింగితే పేగుల నుంచి రక్తంలోకి దాదాపు చేరవు, అందుకే సూదిగా ఇస్తాం. లినిజోలిడ్ మింగినా దాదాపు నూటికి నూరు శాతం రక్తంలోకి చేరుతుంది. ఎముకలు, కీళ్ల ఇన్ఫెక్షన్లు ఇంతకంటే మొండివి. వెయ్యి మందికి పైగా అలాంటి రోగులతో బ్రిటన్‌లో చేసిన పరిశోధన 2019లో వెలువడింది. మొదటి 6 వారాలు మాత్రలు వాడినవాళ్లకూ, సూదిమందు తీసుకున్నవాళ్లకూ ఏడాది తర్వాత ఫలితం ఇంచుమించు ఒకేలా ఉంది.

మీరు పట్టించుకోవాల్సింది ఆ చీము పరీక్ష రిపోర్టు. మామూలుగా 2, 3 రోజుల్లో వస్తుంది. చర్మం మీద ఉండే స్టాఫ్ (స్టాఫిలోకాకస్) అనే క్రిముల మీద, మొండి రకాలతో సహా, లినిజోలిడ్ బాగా పనిచేస్తుంది. గర్భసంచి ఆపరేషన్ తర్వాత ఈ.కోలై లాంటి క్రిములు కూడా చీము పట్టిస్తాయి. వాటి మీద ఇది పనిచేయదు. రిపోర్టులో ఈ.కోలై ఉంటే మందు మార్చాల్సిందే, అప్పుడు సూదిమందు అవసరమైతే మీ డాక్టరే చెబుతారు. ఏ క్రిమో తెలియకుండా ఐదు రోజులు సూదులు పొడిస్తే రోజులు వృథా అవుతాయి. అమికాసిన్ లాంటి సూదులైతే షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీల మీద భారం కూడా. ఇలా చేయి దాటిపోయాక మా దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఈ మాత్రతో కొంచెం జాగ్రత్త కావాలి. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఒక్కోసారి షుగర్ బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించి, షుగర్ చూసి, డాక్టర్‌కు ఫోన్ చేయండి. డిప్రెషన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. ముక్కు దిబ్బడకు జలుబు మాత్రలు సొంతంగా వేయకండి. కోర్సు అయ్యేదాకా ఎండుచేపలు, కల్లు వద్దు, బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు. రెండు వారాలు దాటి వాడితే ప్లేట్‌లెట్లు తగ్గే ప్రమాదం ఉంది, అందుకే వారానికోసారి రక్తపరీక్ష చేయిస్తాం. మందుకు లొంగని టీబీకి కూడా ఇదే వాడతాం. ఇష్టమొచ్చినట్టు వాడితే క్రిములు దీనికీ లొంగకుండా పోతాయి, అందుకే మిగిలిన మాత్రలు దాచిపెట్టి ఇంకొకరికి ఇవ్వకండి.

పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని మానిపించారేమో. ఆ పత్యం వద్దు, పుండు మానడానికి అవే కావాలి. పసుపు, కాఫీపొడి పుండు మీద చల్లకండి.

ఎరుపు ఎంతవరకు ఉందో పెన్నుతో చుట్టూ గీత గీయండి. ఆ గీత దాటి పాకినా, జ్వరం 101 దాటినా, వాంతులతో మాత్ర కడుపులో నిలవకపోయినా, కడుపు ఉబ్బినా, మనిషి మత్తుగా ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి తీసుకెళ్లండి, కుదరకపోతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి. ఇవేవీ లేకుంటే రిపోర్టు వచ్చిన రోజే, ఆ వారం షుగర్ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మీ డాక్టర్‌కు రెండూ కలిపి చూపించండి.