హెచ్‌ఐవీ ఉన్న మా పిన్నిని ఊరు దూరం పెడుతోంది, ఏం చేయాలి?

మీ పిన్నిని బోరింగు దగ్గరికి రానివ్వడం లేదు, పెద్దల్ని పిలిచి మీటింగు పెట్టించమంటారా అని అడిగారు. మీటింగు మాత్రం వద్దండి. ఇప్పుడు ఊళ్లో సగం మందికి ఉన్నది అనుమానమే. మీరు నలుగురిలో మాట్లాడితే అది ఖాయమైపోతుంది. పైగా నమ్మి చెప్పిన మనిషి ఒప్పుకోకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. ఇంటివాళ్లయినా అంతే.

మాది పలాస వైపు. అన్నయ్య వలస పనుల్లో ఉండగా జబ్బు పడ్డాడు, దక్కలేదు. వదినకీ ఉందని తేలింది. తను జీడి బట్టీలో పప్పు ఒలిచేది. సంగతి ఎలాగో పాకి, యజమాని "తినే సరుకమ్మా, రేపట్నుంచి రాకు" అన్నాడు. ముట్టుకుంటే, కలిసి తింటే ఇది రాదని ఆయనకి తెలియదనుకోను, కొనేవాళ్లు ఏమంటారోనని టెన్షన్ అంతే. ఆ కారణంతో పని మాన్పించడానికి చట్టం ఒప్పుకోదు. కేసు వేద్దామంటే వదినే వద్దని, వేరే బట్టీలో చేరిపోయింది.

మాత్రల డబ్బా గలగలమంటుందని అందులో దూది కుక్కేది. లేబులు గోటితో గీకేసేది. దగ్గర్లో అయితే ఎవరైనా చూస్తారని శ్రీకాకుళం రిమ్స్‌లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరుకే పోయేది. బస్సు ఛార్జీ దండగే, అయినా నేను కాదనలేదు. ఆ మాత్ర రోజూ మానకుండా వేసుకోబట్టి, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గింది. అలా ఉన్నంతకాలం భార్యాభర్తల కలయిక వల్ల కూడా ఇంకొకరికి సోకదు. ఇక బోరింగు నీళ్ల సంగతి వేరే చెప్పాలా!

మా చుట్టాల్లో కాస్త మార్పు వచ్చిందంటే అమ్మ వల్లే. ఒక గృహప్రవేశంలో అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ పోసి, వదినకి పేపరు గ్లాసు ఇచ్చారు. అమ్మ తన గ్లాసు ట్రేలో తిరిగి పెట్టేసి, "నాకూ దాన్లోనే పొయ్యమ్మా, మాదంతా ఒకటే కంచం" అంది. ఇచ్చినావిడ ముఖం చూడాలి! నేను అదే మాట అంటే చదువుకున్న పొగరు అనేవారు, పెద్దావిడ అంటే ఎవరూ నోరెత్తలేదు. ఇప్పటికీ ఎడంగా కూర్చునేవాళ్లు ఉన్నారనుకోండి.

మీ ఇంట్లోనూ అలాంటి పెద్దావిడ ఒకరు ఉండే ఉంటారు, పిన్నితో కలిసి బోరింగుకి వెళ్లమనండి. అప్పటికీ అడ్డుపడితే, పిన్ని సరే అంటేనే, సర్పంచ్‌ని పక్కకి పిలిచి మాట్లాడండి. హెచ్‌ఐవీ ఉందని అడ్డుకోకూడని చోట్లుగా బావులు, చెరువులు, శ్మశానాలు కూడా ఆ 2017 చట్టంలో పేరు పేరునా రాసి ఉన్నాయి. దారికి రాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు, కోర్టులో పేరు బయటికి రాకుండా చూడమనీ అడగవచ్చు. ఎవరితోనూ చెప్పుకోలేని మాటలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయమనండి, డబ్బులు పడవు. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకి నెలకి 4,000 రూపాయల పింఛను కూడా ఉంది. పిన్నికి రాకపోతే ఏఆర్‌టీ సెంటర్లోనే అడగండి.