పాత తెరచాప పడవ కొనబోతున్న అల్లుడికి

అల్లుడా,

హాలియా నుంచి మామ రాసేది. నువ్వు వాట్సాప్‌లో పంపిన పడవ ఫోటోలు చూశాను. నలభై ఏళ్ల పడవ, 34 అడుగుల పొడవు, ధర 18 వేల డాలర్లు. మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి "వానికి పిచ్చి లేసింది తమ్ముడూ, నువ్వన్నా చెప్పు" అంది. పడవ కీమాలో ఉందని చెబితే మీ అత్త అదేదో కూర అనుకుంది. అమెరికాలో టెక్సాస్ తీరాన ఉన్న ఊరి పేరని చెప్పేసరికి నవ్వలేక చచ్చింది.

నేను మాత్రం వద్దని చెప్పను. సాగర్ పైలాన్ కాలనీలో పుట్టి, నాగార్జునకొండకు పోయే లాంచీలు చూస్తూ పెరిగాను. నేవీలో పదిహేనేళ్లు పడవల వడ్రంగం చేశాను. ఆ తర్వాత షార్జాలో ఫైబర్ పడవల రిపేరు షెడ్డులో పన్నెండేళ్లు ఒళ్లంతా దురదతో బతికాను. పడవ కొనొద్దని ఏ నోటితో అంటాను? కాకపోతే ఆ అమ్మేవాడు పరుపులు చూపించాడు, గాజు గ్లాసులు చూపించాడు, సూర్యాస్తమయం కూడా చూపించాడు. నేను చూడాలనుకున్నది ఒక్కటీ చూపించలేదు.

పాతదని భయపడకు. 2023లో మన అభిలాష్ టామీ ఒంటరిగా భూమి చుట్టి గోల్డెన్ గ్లోబ్ రేసులో రెండో స్థానంలో వచ్చాడు. ఆ పోటీకి 1988కి ముందు డిజైన్ చేసిన పడవలే పనికొస్తాయి, అదీ 32 నుంచి 36 అడుగుల లోపువే. అంటే నువ్వు చూస్తున్న సైజే. అప్పటివాళ్లు ఫైబర్ మందంగా వేసేవారు. హల్, అంటే పడవ ఒళ్లు, అంత తొందరగా చావదు.

పాత పడవ రోగాలు చాలావరకు ఒకే దారిన వస్తాయి. నీళ్లు రాకూడని చోటికి రావడం. మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు ఎంత తేటగా ఉండేవో నీకు యాదుందా? గ్లాసులో పోసి చూస్తే వంక పెట్టేది లేదు. ఏళ్ల తర్వాత నడుములు వంగినప్పుడు తెలిసింది ఆ నీళ్లల్లో ఫ్లోరైడ్ ఉందని. పడవ కూడా అంతే, పైన తళతళలాడుతూనే ఉంటుంది.

అన్నిటికంటే ముందు డెక్, అంటే కాళ్లు పెట్టి నడిచే పైభాగం, చూడు. అది ఒకే ముద్ద కాదు. పైన ఒక ఫైబర్ పొర, కింద ఒక పొర, నడుమ బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. రెయిలింగు కమ్మీలకు, తాళ్లు కట్టే కొక్కేలకు బోల్టులు వేయడానికి ఆ డెక్‌కు వంద రంధ్రాలు పొడిచి ఉంటారు. బోల్టు చుట్టూ పూసిన సీలెంట్ పదేళ్లలో ఎండి పగులుతుంది. అక్కడి నుంచి వాన నీళ్లు చుక్క చుక్కగా నడిమి చెక్కలోకి దిగుతాయి. దిగిన నీళ్లకు బయటికి దారి లేదు.

నువ్వు పోయేటప్పుడు ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ ఒకటి జేబులో వేసుకో. మోకాళ్ల మీద కూర్చుని, పిడితో జానెడుకు ఒకసారి కొడుతూ పో. మంచి డెక్ టక్ టక్‌మని గట్టిగా పలుకుతుంది. కుళ్లిన చోట చప్పుడు మారుతుంది, పుచ్చకాయ మీద కొట్టినట్టు డబ్‌మంటుంది. ఆ చోట సుద్దముక్కతో గీత గీయి. మొత్తం అయ్యాక లేచి నిలబడి చూడు. గీతలు బోల్టుల చుట్టూ అరచేయంత ఉంటే బేరమాడొచ్చు. ఒకదానికొకటి కలిసిపోయి ఉంటే దండం పెట్టి వచ్చెయ్.

ఇది నేను పైసలు పోగొట్టుకుని నేర్చుకున్న చదువు. షార్జాలో ముగ్గురం కలిసి 27 అడుగుల పడవ ఒకటి కొన్నాం. దేశం విడిచి పోతున్న ఒకాయన చవకగా ఇచ్చాడు. పడవలు బాగుచేసే పనివాళ్లం, మాకు తెలియనిదేముంటుందని డెక్ మీద ఒక్క దెబ్బ కూడా కొట్టి చూడలేదు. మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) దగ్గర నడుస్తుంటే కాలి కింద పరుపులా మెత్తగా అనిపించి పై పొర కోశాం. లోపల చెక్క లేదు. నల్లటి జావ, చచ్చిన ఎలుక వాసన. ఎనిమిది నెలల శుక్రవారాలు దానికే పోయాయి. కొన్న ధరకు మూడింతలు ఖర్చయింది. అందులో ఒకాయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

డెక్ అయ్యాక చెయిన్‌ప్లేట్లు. మాస్ట్‌ను నిలబెట్టే ఉక్కు తీగలు డెక్ దాటి లోపల కలిసే స్టీలు పట్టీలు అవి. స్టెయిన్‌లెస్‌కు తుప్పు పట్టదనేది సగం నిజం. గాలి ఆడనిచోట తడిసి ఉంటే అది లోపల్లోపలే పగులుతుంది. ఆ పట్టీ డెక్‌లోంచి దూరేది సరిగ్గా అటువంటి చోటే. లోపల అల్మారా తలుపు తీసి టార్చి వేసి చూడు. పట్టీ కింద చెక్క మీద టీ ఒలికినట్టు గోధుమరంగు చార ఉందంటే పైనుంచి నీళ్లు కారుతున్నట్టే. పట్టీ తెగితే మాస్ట్ పడుతుంది. పైన తీగల సంగతికొస్తే, అవి ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమను. పది పదిహేనేళ్లు దాటినవైతే కొత్తవి వేయమని ఇన్సూరెన్సువాళ్లే పట్టుబడతారు. ఆ ఖర్చు ఇప్పుడే ధరలోంచి తీసెయ్.

కింద బొబ్బలున్నాయని ఎవరో భయపెట్టారన్నావు. హల్ మీద బొబ్బ పొడిస్తే వెనిగర్ వాసనతో నీళ్లు కారతాయి, నిజమే. చూడటానికి అసహ్యంగానే ఉంటుంది. పది పదిహేను ఉంటే గీకి, ఎండబెట్టి, ఎపాక్సీ పెట్టుకోవచ్చు. బొబ్బలతో మునిగిన పడవను నేను చూడలేదు. కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) హల్‌కు అతికే చోట ముందుభాగంలో నవ్వినట్టు పగులుందా అనేది మాత్రం తప్పకుండా చూడు, దాని వెనక కీల్‌ను పట్టుకునే బోల్టులున్నాయి. పడవను నీళ్లలోంచి పైకి లేపించకుండా ఇది తెలియదు. ఆ క్రేను ఖర్చు కొనేవాడిదే, పిసినారితనం చేయకు.

హల్‌కు కింద రంధ్రాలున్నచోట వాల్వులుంటాయి. ఒక్కొక్కటి నీ చేత్తో తిప్పి చూడు, తిరగకపోతే బలవంతం చేయకు. నాకొకసారి పిడి చేతిలోకే ఊడి వచ్చి నీళ్లు బుస్సుమని లేచాయి. అడుగున్నర అవతల మెత్తటి కర్ర బిరడా దారంతో కట్టి వేలాడుతుంటే దాన్ని గుద్ది బతికాను. ప్రతి వాల్వుకూ ఒక బిరడా కట్టి పెట్టుకో. మరుగుదొడ్డి పైపును తడిగుడ్డతో తుడిచి వాసన చూడు. చీదరించుకోకు, ఆ గుడ్డ కంపు కొడితే పైపులన్నీ మార్చాలి.

ఇంజిన్ దగ్గరికి పోగానే ముందు చెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే నువ్వు రాకముందే తిప్పి సిద్ధం చేసిపెట్టాడన్నమాట. ఎడ్ల అంగడిలో కొమ్ములకు నూనె రాసి నిలబెట్టడం వంటిదే ఇది. బిల్జ్‌లో, అంటే పడవ లోపల అడుగున నీళ్లు చేరే గుంటలో, కొత్త రంగు మెరుస్తున్నా అదే అనుమానం రావాలి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు పోసిన చాయలా ఉంటే లోపలికి నీళ్లు చేరాయి. స్టార్ట్ చేశాక వచ్చిన తెల్లపొగ వేడెక్కాక కూడా పోకపోతే ఒక డీజిల్ మెకానిక్కును పిలిచి చూపించు. కొత్త ఇంజిన్ వేయించాలంటే పడవ ధరంత అయ్యేలా ఉంది.

ఇవన్నీ నువ్వు చూసేది సర్వేయరు (పడవను పరీక్షించి రిపోర్టు రాసే మనిషి) అక్కర్లేదని కాదు. సర్వేయరును పిలవకముందే పనికిరాని పడవలను వదిలేయడానికి. అమ్మేవాడు, బ్రోకరు చెప్పిన సర్వేయరు వద్దు, నీ మనిషిని నువ్వు తెచ్చుకో. వెనక భాగంలో కుడివైపు చెక్కిన 12 అక్షరాల నంబరు కాగితాల్లోదీ ఒకటేనా చూడు. 1972 నవంబరు తర్వాత అమెరికాలో చేసిన ప్రతి పడవకూ అది ఉండాలి. 2008లో ఐక్ తుఫాను మీ గాల్వెస్టన్ తీరాన్ని కొట్టినప్పుడు పడవలు ఒడ్డుకెక్కి ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆ ఏడాది ఈ పడవ ఎక్కడుందని మామూలుగా మాటల్లో అడుగు. జవాబు కంటే ముందు మొహం చూడు.

ఇక ఖర్చు. ధరలో పదోవంతు ఏడాదికి అవుతుందని ఎవరో చెప్పారని రాశావు. ఆ లెక్క పాత పడవకు పనికిరాదు. పడవ ధర తగ్గింది కానీ దాని పొడవు తగ్గలేదు కదా! తాడు, తెరచాప, అడుగున పూసే రంగు, కట్టేసే చోటి అద్దె, అన్నీ అడుగుల లెక్కనే. సాగర్‌లో చేపలు పట్టేవాళ్లు పుట్టికి తారు పూస్తూనే ఉంటారు, నీకు కూడా ఆ బాధ తప్పదు. నీళ్లలోని లోహభాగాలకు బదులు తాము కరిగిపోయే జింకు ముక్కలు సగం కరిగితే మార్చాలి, ఇంజిన్‌కు నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లరు ఏడాదికొకటి. జూన్ నుంచి నవంబరు దాకా తుఫాన్ల టెన్షన్ అదనం. పాలసీలో తుఫాను గురించి చిన్న అక్షరాల్లో ఏం రాశారో పైసలు కట్టకముందే చదువు.

చేతిలో 18 వేలుంటే 12 వేల పడవ కొను. మిగతాది మొదటి ఏడాదే తినేస్తుంది. నన్నడిగితే 34 వద్దు, 30 అడుగులు చాలు. నాలుగడుగులే కదా అనుకుంటావు, బరువు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది, గాలిలో తెరచాప లాగే నీ చేతులకు అది తెలుస్తుంది. దేంట్లో పోయినా గంటకు పది కిలోమీటర్లే, సైకిలు మీద పాలు పోసేవాడు నిన్ను దాటిపోతాడు.

నీ భార్యను కూడా తీసుకుపో. ఎండలో కాదు, కొంచెం గాలి, వాన ఉన్న రోజున. లోపల అరగంట కూర్చోబెట్టు, ఏమంటుందో విను. మీ అత్తను నేను ఒకసారి ఎక్కించాను, వాంతులు చేసుకుంటూనే చుక్కాని ఇమ్మంది. అందరూ అట్లా ఉండరు.

శనివారం పోతానన్నావు కదా. గుర్తుపెట్టుకుని నాలుగు పంపు: చెయిన్‌ప్లేట్ల కింది చెక్క ఫోటో, కీల్ అతుకు ఫోటో, సుద్దగీతల డెక్ ఫోటో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన వీడియో. మీకు పొద్దున అయితే మాకు రాత్రి, అయినా మేలుకునే ఉంటాను. వీడియోలో మాట్లాడకు, నాకు ఇంజిన్ వినిపించాలి.

మీ మామ