దారిలో ఆపి ఫోన్ తెరవమంటే కాదనే హక్కు మనకు ఉందా?

నన్ను అడిగిన ప్రశ్న ఇది: రాత్రి వాహన తనిఖీలో పోలీసులు లైసెన్సు, ఆర్‌సీ చూసిన తర్వాత ఫోన్ లాక్ తీసి వాట్సాప్ చూపించమన్నారు, కాదంటే నేరమవుతుందా? కాదు. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న అధికారి అడిగితే లైసెన్సు చూపించవలసిందే. కానీ ఏ కేసూ లేకుండా, అనుమానానికి ఒక కారణమైనా చెప్పకుండా, దారిన పోయే మనిషి సందేశాలను చదివే అధికారం ఆ సెక్షన్‌లో లేదు, మరే చట్టంలోనూ లేదు.

మా పిన్ని కొడుక్కి ఇదే జరిగింది; బండి వెనుక కూర్చుని ఉన్న నేను అంతా చూశాను. కానిస్టేబుల్ వాడి ఫోన్ తీసుకుని సెర్చ్‌లో గంజాయి అని కొట్టి చూశాడు. ఏమీ రాలేదు. తనిఖీ నిజంగా మత్తుపదార్థాల కోసమే అయితే ఫోన్ అక్కడితో తిరిగి ఇచ్చేయాలి. ఆయన ఇవ్వలేదు. ఒక్కో చాట్ తెరుచుకుంటూ పోయి, మా వార్డు గ్రూపులో తమ్ముడు తాగునీటి గురించి రాసిన సందేశం దగ్గర ఆగి, "ఎమ్మెల్యే గారి మీద ఇదంతా రాసింది నువ్వేనా? చదువుకునేవాడివి, నీకెందుకురా ఇవన్నీ?" అని అడిగాడు. తమ్ముడు తల దించుకున్నాడు. కాసేపటికి ఫోన్ చేతిలో పెట్టి పంపేశారు. కేసు లేదు, జరిమానా లేదు, మమ్మల్ని ఆపినట్టు ఎక్కడా రాసుకున్నదీ లేదు. ఇంటికి రాగానే వాడు ఆ గ్రూపు నుంచి బయటికి వచ్చేశాడు. ఏ వీధికి నీళ్లు రావడం లేదో ఫొటోలతో సహా రాసి, మున్సిపాలిటీ వాళ్లను కదిలించే అలవాటున్నది ఆ వార్డులో వాడొక్కడికే.

అందుకే దీన్ని గోప్యతకు సంబంధించిన ప్రశ్నగా మాత్రమే చూడటం నాకు నచ్చదు. ఇది రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణానికి, అంటే మాట్లాడే హక్కుకు సంబంధించిన ప్రశ్న. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ కింద ఎవరినైనా అరెస్టు చేస్తే దానికి ఎఫ్‌ఐఆర్ ఉండేది, దాన్ని కోర్టులో సవాలు చేసే వీలుండేది. ఒక న్యాయ విద్యార్థిని వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2015 మార్చిలో ఆ సెక్షన్‌నే కొట్టివేసింది. రోడ్డు పక్కన చదివి తిరిగి ఇచ్చేసిన ఫోన్‌కు ఏ కాగితమూ ఉండదు. సవాలు చేయడానికి ఉత్తర్వు ఉండదు, రాసిన చేయి మాత్రం ఆగిపోతుంది. 2021లో హైదరాబాద్‌లో పోలీసులు వాహనదారుల వాట్సాప్ చాట్‌లు వెతుకుతున్న వీడియోలు బయటికి వచ్చినప్పుడు జరగవలసినంత చర్చ జరగలేదని ఇప్పటికీ బాధపడుతున్నాను.

"తప్పు చేయనివాడికి భయమెందుకు" అనేవాళ్లు మా బంధువుల్లోనూ ఉన్నారు. ఎమ్మెల్యేను విమర్శించడం తప్పు కాదు, అయినా భయం పుట్టిందన్న సంగతి వాళ్లు గమనించరు. పైగా ఆ ఫోన్‌లో తమ్ముడి మాటలే కాదు, వాళ్లమ్మ వైద్య పరీక్షల నివేదికలు, స్నేహితులు నమ్మి చెప్పుకున్న విషయాలు కూడా ఉన్నాయి. వాళ్లెవరూ ఆ తనిఖీలో లేరు, వాళ్లను అడిగినవారూ లేరు.

సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించింది. అంతకుముందే, 2004లో, కలెక్టరు నియమించిన ఏ వ్యక్తి అయినా బ్యాంకులోని ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేయవచ్చని స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ చెల్లదని ఆ కోర్టే తేల్చింది. మన పత్రాలు బ్యాంకు చేతిలో ఉన్నా వాటిపై మన గోప్యత పోదని చెప్పిన న్యాయస్థానం, మన జేబులోని ఫోన్ విషయంలో ఇంతకన్నా తక్కువ చెబుతుందని నేను అనుకోను. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, దర్యాప్తుకు కావలసిన పత్రాలను, వస్తువులను తెమ్మని రాతపూర్వకంగా ఆదేశించే 94వ సెక్షన్ ఎలక్ట్రానిక్ పరికరాలను పేరు పెట్టి మరీ చేర్చింది, కానీ తెరిచిన తర్వాత ఎంతవరకు చూడవచ్చో హద్దు గీయలేదు. అంత పెద్ద చట్టం రాస్తూ ఈ ఒక్క విషయాన్ని వదిలేయడం నాకు క్షమించదగిన లోపంగా కనిపించదు. నిందితుడి చేత పాస్‌వర్డ్ చెప్పించవచ్చా అన్నదానిపై కోర్టులే ఒక్క మాట మీద లేవు: 2021లో కర్ణాటక హైకోర్టు అది తనపై తాను సాక్ష్యం చెప్పుకోవడం కాదంది, 2022లో ఢిల్లీలోని ఒక సీబీఐ ప్రత్యేక కోర్టు బలవంతం చేయకూడదంది. వేలిముద్ర విషయంలో 1961 నాటి సుప్రీంకోర్టు తీర్పు పోలీసులకే అనుకూలం, కాబట్టి వేలిముద్ర లాక్ తీసేసి అంకెల లాక్ పెట్టుకోండి. ఏ కేసులోనూ లేని బాటసారి పరిస్థితి వీటన్నిటికన్నా మెరుగైనది.

మిమ్మల్ని ఆపినప్పుడు ఫోన్‌ను లాక్కోవద్దు, తోయవద్దు. విధుల్లో ఉన్న ఉద్యోగిని అడ్డుకున్నారని భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 221వ సెక్షన్ కింద కేసు పెట్టడానికి అది సాకు అవుతుంది. "ఏ కేసులో అడుగుతున్నారండీ? 94 కింద నోటీసు ఇవ్వండి, స్టేషనుకు తెస్తాను" అని మర్యాదగా అడగండి. పేరు, సమయం, స్థలం గుర్తుపెట్టుకుని ఎస్పీకి లేదా కమిషనరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయవచ్చు.