చింతపిక్కలతో లాక్రోస్

చి. అమ్మడూకి,

పెదనాన్న ఆశీస్సులు. నిన్ను లాక్రోస్ జట్టులోకి తీసుకున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. కర్ర చివర వల ఉంటుందనీ, బంతిని అందులో పెట్టుకుని పరిగెత్తాలనీ నాకే వివరించబోయాడు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాడికి! సరే, నువ్వడిగింది వేరు. కర్ర పట్టడం కోచ్ నేర్పుతున్నారు, ఎత్తుగడలు పుస్తకాలు చదివి నేర్చుకోవచ్చా అని కదా. నేర్చుకోవచ్చు. ఈ ఎండల్లో బెజవాడలో మధ్యాహ్నంపూట గ్రౌండు మొహం ఎలాగూ చూడలేవు.

ముందు నా తప్పొకటి విను. గుంటూరులో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బాస్కెట్‌బాల్ పుస్తకం ఒకటి సంపాదించి, అందులోని జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా ఎవరి చోటుని వాళ్లు కాయడం) బొమ్మని నల్లబల్ల మీదికి ఎక్కించాను. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు. పిల్లలు ఎవరి చోటు వాళ్లు ఎక్కాల్లా అప్పజెప్పారు. తీరా మ్యాచ్‌లో అవతలివాళ్లు బంతిని ఈ మూల నుంచి ఆ మూలకి నాలుగుసార్లు తిప్పేసరికి మావాళ్లు పందిరి రాటల్లా నిలబడిపోయారు. చిత్తుగా ఓడాం. పిల్లల్ని ఏమనను? ఆ చోట్లో ఎందుకు నిలబడాలో ఉన్న పేజీలు నేను చదవకుండానే, బొమ్మ చూసి వచ్చేశాను.

అందుకని నువ్వు రూల్స్ పుస్తకంతో మొదలుపెట్టు. వరల్డ్ లాక్రోస్ వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగానే ఉంటుంది. ప్రతి రూలు దగ్గరా ఆగి, దీనివల్ల ఎవరికి లాభం అని అడుగు. హాకీలో గోల్ లైను దాటితే మైదానం అయిపోయినట్టే. లాక్రోస్‌లో గోల్ వెనక కూడా ఆడతారు. బంతి అక్కడికి వెళ్లిందనుకో, కాపలా ఉన్న అమ్మాయి దాన్ని చూడాలంటే తల వెనక్కి తిప్పాలి. తిప్పిన ఆ క్షణంలోనే తను కాయాల్సిన మనిషి ముందు నుంచి జారుకుంటుంది.

ఇంకో సంగతి. అమెరికా నుంచి వచ్చే పాత పుస్తకాల్లో చాలావరకు పెద్ద మైదానం ఆట గురించే ఉంటాయి. మగవాళ్లయితే పక్కకి పదిమంది. మీరు ఆడేది సిక్సెస్ అనే చిన్న మైదానం ఆట. 1904, 1908 ఒలింపిక్స్‌లో పతకాలిచ్చిన లాక్రోస్‌ని ఈ రూపంలోనే 2028 లాస్ ఏంజెలిస్‌కి మళ్లీ తీసుకున్నారు. ఆ నిర్ణయం జరిగింది 2023 అక్టోబరులో మన ముంబైలోనే, మనం క్రికెట్ వచ్చిందన్న సంబరంలో పడి పట్టించుకోలేదు గానీ. కీపర్‌తో కలిపి ఆరుగురు, 70 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు, బంతి దొరికితే 30 సెకన్లలో షాట్. గోల్ పడ్డాక మధ్యలో ఫేస్‌ఆఫ్, అంటే జట్టుకొకరు బంతి కోసం తలపడడం, ఉండదు, కీపరే బంతి తీసుకుని మొదలుపెట్టేస్తుంది. అంటే గోల్ కొట్టి ఎగిరి గంతేసేలోపు మీ గోల్ మీదికి వచ్చేస్తారన్నమాట. కాబట్టి ఫేస్‌ఆఫ్ మీద, పొడుగు కర్రల మీద ఉన్న అధ్యాయాలు ప్రస్తుతానికి వదిలెయ్.

ఇప్పుడు అసలు పని. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, రెండు మీటర్లకి ఒక సెంటీమీటరు లెక్కన 35 పొడవు, 18 వెడల్పు గియ్యి. మీవాళ్లు చింతపిక్కలు, అవతలివాళ్లు గవ్వలు, బంతికి ఒక కందిగింజ. బంతి ఉన్న గవ్వ ఒక పిక్కని దాటి వచ్చేసిందనుకో. పక్క పిక్క సాయానికి వెళ్లాలి, దాన్నే స్లైడ్ అంటారు. మరి అది వదిలొచ్చిన గవ్వ సంగతి? కబడ్డీలో కార్నర్ కాలు పట్టగానే కవర్ వచ్చి పడుతుంది చూడు, అలా ఇంకో పిక్క జరగాలి. అయినా ఐదు గవ్వలకి నాలుగే పిక్కలు, ఒకదాన్ని వదలక తప్పదు. మామూలుగా బంతికి అన్నిటికన్నా దూరంగా ఉన్నదాన్ని వదులు. అంత దూరం పాస్ గాల్లో ఎక్కువసేపు ఉంటుంది, ఈలోపు మీవాళ్లు చేరుకోవచ్చు. ఇలా పుస్తకంలో ప్రతి బొమ్మ దగ్గరా జవాబుని చేత్తో మూసి, ముందు నీ పిక్కలు జరుపు, తర్వాతే చెయ్యి తియ్యి. తేడా వస్తే మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకుని సాయంత్రం కోచ్‌ని అడుగు.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో లాక్రోస్ పుస్తకం దొరుకుతుందని ఆశ పెట్టుకోకు. బాస్కెట్‌బాల్ కోచింగ్ పుస్తకం కనిపిస్తే మాత్రం బేరమాడి కొనెయ్. పిక్ పెట్టడం (మనవాళ్లని కాసేవాళ్లకి దారిలో అడ్డంగా నిలబడడం), సాయానికి జరగడం రెండాటల్లోనూ ఉన్నవే. బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ లాక్రోస్ ఆడినవాడే మరి.

వీడియోలు చూసేటప్పుడు సౌండు తీసెయ్. బంతి లేని ఒక్క మనిషిని పట్టుకుని పది నిమిషాలు ఆమెనే చూడు. మొదట్లో విసుగొస్తుంది, నాకూ వచ్చేది.

ఆదివారం వీలైతే గుంటూరు బస్సెక్కు. పిక్కలు నువ్వు తెచ్చుకో. గవ్వలు మీ పెద్దమ్మ పెట్టెలో ఉన్నాయి, అవతలి జట్టు నేనాడతాను.

ఇట్లు
మీ పెదనాన్న