నీటికాసుల (గ్లకోమా) గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశావు. అయితే అసలు విషయం దగ్గరికి వచ్చేసరికి "కంటిలో ఒత్తిడి పెరిగి నాడి దెబ్బతింటుంది" అని ఒక్క ముక్కతో దాటేశావు. పాఠకుడికి తెలియనిదంతా ఆ ముక్కలోనే ఉంది కనుక, నువ్వు నిలిచి రాయవలసింది అక్కడే.

కంటి లోపలి తెర అయిన రెటీనా నలుమూలల నుంచి వచ్చే పది లక్షలకు పైగా నాడీ పోగులు ఆప్టిక్ డిస్క్ దగ్గర, అంటే కంటి నాడి మొదలయ్యే గుండ్రని చోట, కలుసుకొని, మలుపు తిరిగి, లామినా క్రిబ్రోసా అనే జల్లెడ రంధ్రాల గుండా కంటి వెనక్కి వెళతాయి. కంటి గోడలో బలహీనమైన చోటు అదే. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు ఆ జల్లెడ పొరలు వెనక్కి వంగి, రంధ్రాల వరుస తప్పి, పోగులు నలుగుతాయి. నాడీకణానికీ మెదడుకూ మధ్య పోగు లోపల నిరంతరం సాగే పదార్థాల రవాణా అక్కడ ఆగిపోతుంది. పోగులు చచ్చేకొద్దీ డిస్క్ అంచు పలచబడి, నడుమనున్న గుంట పెద్దదవుతుంది. జల్లెడకు ఆధారం తక్కువగా ఉండే పై, కింది కొసల్లో సాధారణంగా ముందు నష్టం జరుగుతుంది కనుకనే గుంట నిలువుగా సాగుతుంది.

ఆ గుంటను వర్ణించేటప్పుడు తొందరపడకు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే తన పరికరం ఆఫ్తాల్మోస్కోప్‌ను లోకానికి చూపిన కొన్నాళ్లకు, దానితో చూసిన ఫాన్ గ్రేఫ్ అంతటి కంటి వైద్యుడు మొదట దాన్ని ఉబ్బు అనుకొని, తరువాత పల్లమేనని దిద్దుకున్నాడు. లోతు ఎలా తెలుస్తుందో చెప్పు: గుంట అంచు దగ్గర రక్తనాళం చటుక్కున వంగి కనుమరుగై, అడుగున మళ్లీ తేలుతుంది. ఈ ఒక్క వివరం నీ మూడు పేరాల పెట్టు.

కంటి ఒత్తిడి పాదరసమానంలో 21 మిల్లీమీటర్లు దాటితే జబ్బేనన్న వాక్యం కొట్టెయ్యి. అంతకు మించినా ఏళ్ల తరబడి నాడి చెదరనివారున్నారు. దాటకపోయినా గుంట పెరిగేవారున్నారు. డాక్టరు ఒత్తిడి కొలిచి ఊరుకోక డిస్క్‌ను కూడా చూసేది అందుకే.

చుక్కల మందు ఒత్తిడిని తగ్గించి మిగిలిన పోగులను కాపాడుతుందే తప్ప, పోయినవాటిని తిరిగి తేలేదు. చూపు మెరుగవలేదని మందు మానేసేవారు ఎందరో. వాళ్లలో ఒకరు నీ వ్యాసం చదువుతున్నారనుకొని, ఆ భాగం మళ్లీ రాసి పంపు.