మొదటి పిస్టల్‌కు ఎంత కేటాయించాలి?

ప్రశ్న: నేను ఒంటరిగా ఉంటాను. రాత్రి షిఫ్టు ముగించుకుని ఆలస్యంగా ఇల్లు చేరతాను. ఆత్మరక్షణకు తుపాకీ వెంట ఉంచుకునేందుకు లైసెన్సు వచ్చింది. ఇంతవరకూ తుపాకీ పేల్చింది ఒక్కసారే. ఇందుకోసం కొంత డబ్బు పక్కన పెట్టాను. అన్నిటికంటే చిన్నది, తేలికైనది తీసుకోమని తోటి ఉద్యోగి చెప్పారు. నాకు నచ్చిన మోడల్‌కే ఆ డబ్బంతా అయిపోతుంది. మిగతావి వాయిదాల్లో కొనుక్కోవచ్చా? వారాంతాల్లో అక్క కొడుకు, ఆరేళ్లవాడు, నా దగ్గరే ఉంటాడు.

జవాబు: మీ ఉత్తరం చివర్లో ఆ పిల్లవాడి మాట ఉంది. లెక్క అక్కడి నుంచే మొదలుపెడదాం. మీ ఒంటి మీద లేని ప్రతి నిమిషం తుపాకీ తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి. బీరువా పైఅరలో పెట్టానులే, బట్టల కింద దాచానులే అనుకుంటే ప్రమాదం. ఆరేళ్లవాడు కుర్చీ లాక్కుని ఎక్కేస్తాడు. గోడకో మంచానికో బిగించుకునే చిన్న ఉక్కు పెట్టె, చీకట్లో కూడా వేళ్లతో తడిమి తెరవగలిగే బటన్ల తాళం ఉన్నది, తుపాకీ కంటే ముందు ఇంటికి రావాలి.

ఇప్పుడు మీరు పక్కన పెట్టిన డబ్బును పది వాటాలు చేయండి. తుపాకీకి నాలుగు, పెట్టెకు ఒకటి, తుపాకీ ఒర అయిన హోల్‌స్టర్‌కూ దాని బరువు మోసే గట్టి బెల్టుకూ ఒకటి, శిక్షణకు రెండు, తూటాలకూ షూటింగ్ రేంజ్ రుసుముకూ రెండు. నా దగ్గరికి వచ్చినవాళ్ల ఖర్చులు చూస్తూ చూస్తూ వేసుకున్న లెక్క ఇది. కొద్దిగా అటూ ఇటూ అయినా ఫరవాలేదు. తుపాకీ వాటా మాత్రం సగం దాటనివ్వకండి. చెవుల రక్షణ కవచం, కళ్లద్దాలు శిక్షణ ఖర్చులోకే వస్తాయి. పిస్టల్ చప్పుడు 140 డెసిబెల్స్‌ను దాటుతుంది, ఒక్క తూటాకే వినికిడి దెబ్బతినవచ్చు.

మీ తోటి ఉద్యోగి సలహా మంచి మనసుతో ఇచ్చిందే. కానీ కొత్తవాళ్లకు అది ఎంత ఖరీదైన సలహానో దగ్గర నుంచి చూశాను. నా క్లయింటు ఒకావిడ అల్యూమినియం ఫ్రేము ఉన్న చిన్న రివాల్వర్ కొన్నారు. అయిదు తూటాలు పడతాయి, బరువు అర కిలో కూడా లేదు. ఆమెతో పాటు రేంజ్‌కు వెళ్లాను. మూడోసారి తూటాలు నింపేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోయింది. ట్రిగ్గర్ నొక్కకముందే ఆమె కళ్లు మూసుకోవడం కనిపిస్తూనే ఉంది. ఆ తర్వాత మళ్లీ రేంజ్ గుమ్మం తొక్కలేదు. ఏడాది తిరక్కముందే సగం ధరకు అమ్మేశారు. ఒకే రకం తూటా వాడినప్పుడు తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా చేతిని తంతుంది. చేతికి నొప్పి పుట్టించే దానితో ఎవరూ సాధన చేయరు.

అందుకే మధ్యరకం చూడండి. 1988లో వచ్చిన గ్లాక్ 19 ఖాళీగా సుమారు 600 గ్రాములు, మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. అది మీ దుస్తుల్లో దాగదనుకుంటే 2018లో వచ్చిన సిగ్ పి365 ఉంది. దాని బరువు 500 గ్రాములు, తన్నడం కాస్త ఎక్కువ. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే లోహపు భాగం) వెనక్కి లాగడం కష్టమైతే స్మిత్ అండ్ వెస్సన్ వారి షీల్డ్ ఈజెడ్‌ను పట్టి చూడండి, దాని స్ప్రింగ్ మెత్తగా ఉంటుంది. రెండోచేత్తో స్లైడ్ పూర్తిగా లాగగలుగుతున్నారా? పట్టు మార్చకుండా వేలి కొస ట్రిగ్గర్‌కు అందుతోందా? ఈ రెండూ సరిపోని తుపాకీ ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.

తూటా విషయంలో 9 మిల్లీమీటర్ల రకం తీసుకోమంటాను, ఇది పూర్తిగా జేబు లెక్క. 1902 నాటి ఈ రకాన్ని పోలీసులు, సైన్యాలు విస్తృతంగా వాడుతున్నందువల్ల తయారీ ఎక్కువ, ధర తక్కువ. దాని కంటే చిన్నదైన .380 రకం తూటా సాధారణంగా ఖరీదు ఎక్కువే. ఏటా వందల తూటాలు కాల్చేవారికి ఆ తేడా చిన్నది కాదు. సాధనకు మామూలు తూటాలు చాలు. వెంట ఉంచుకునే హాలో పాయింట్ (మొన బోలుగా ఉండే) రకం ఖరీదు కాబట్టి కొద్దిగానే కొనండి. కానీ మీ తుపాకీలో అవి ఇరుక్కోకుండా పనిచేస్తున్నాయో లేదో వంద కాల్చి చూడాల్సిందే. ఇంట్లో ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ సాధనకు పైసా ఖర్చుండదు. తూటాలు మాత్రం వేరే గదిలో ఉండాలి, మొదలుపెట్టే ముందు గొట్టం వెనక తూటా కూర్చునే చోటైన ఛాంబర్‌ను రెండుసార్లు చూసుకోవాలి.

వాయిదాల సంగతి. వద్దు. ఆదాయం తెచ్చిపెట్టని వస్తువుకు వడ్డీ కట్టకండి. అత్యవసర నిధి ముట్టుకోకండి. రాత్రి షిఫ్టు ఉద్యోగం నాలుగు వారాలు ఆగితే మిమ్మల్ని నిలబెట్టేది ఆ నిధే. డబ్బు చాలకపోతే తుపాకీ వాటాలోనే కోత పెట్టండి, శిక్షణ జోలికి వెళ్లకండి. పేరున్న కంపెనీది, ఒకరు వాడింది అయినా చాలు. తెలిసిన తుపాకీ మరమ్మతుదారుకు చూపించి తీసుకోండి. పిస్టళ్లు వేల తూటాలు కాల్చేందుకే తయారవుతాయి. కొద్దిగా వాడినంత మాత్రాన అరిగిపోవు.

ముందుగా రేంజ్‌లో అద్దె పిస్టల్‌తో మొదటి తరగతి పూర్తి చేయండి. రెండు మూడు మోడళ్లతో యాభయ్యేసి తూటాలు కాల్చండి. నలభయ్యో తూటాకు చెయ్యి వణకకుండా ఉన్నది ఏదో రాసి పెట్టుకోండి. తర్వాత పెట్టె, ఆ తర్వాతే తుపాకీ. హోల్‌స్టర్ ఆ మోడల్ కోసమే చేసింది, ట్రిగ్గర్‌ను గట్టి తొడుగుతో పూర్తిగా కప్పేది అయి ఉండాలి. చేతిసంచిలో తాళంచెవుల పక్కన విడిగా పడేస్తే ఏ తాళంచెవి ట్రిగ్గర్‌కు తగులుకుంటుందో చెప్పలేం, సంచి లాక్కుపోతే తుపాకీ కూడా పోతుంది. సరైన హోల్‌స్టర్ చేతికి వచ్చేదాకా దాన్ని పెట్టెలోనే ఉంచండి.