నాన్న తోట పిలుస్తోంది... ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. విజయవాడలో ఉంటాం. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. కిందటేడు నాన్న 74వ ఏట పోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకే అమ్మాయి ఇంజినీరింగ్ చదువుకని హాస్టల్‌కి వెళ్లింది. అప్పట్నుంచి దేనిమీదా మనసు నిలవడం లేదు. నాన్న వయసుకి నాకింకా 27 ఏళ్లే అని ఒకటే ఆలోచన. వీఆర్ఎస్ తీసుకుని, నూజివీడు దగ్గర కౌలుకిచ్చిన నాన్న మామిడి తోట చూసుకోవాలని ఉంది. మా ఆవిడ ‘పిచ్చి పట్టిందా’ అంటోంది. ఇది మిడ్‌లైఫ్ క్రైసిసా, అదే నడివయసు సంక్షోభమా?

జవాబు: మీరు లెక్కల మాస్టారు కాబట్టి అంకె చెప్పగలిగారు. లెక్కలు రానివాళ్లూ ఈ వయసులో ఇదే తీసివేత చేస్తుంటారు. పుట్టి ఎన్నేళ్లయిందన్నది పోయి, ఇంకెన్నేళ్లు మిగిలాయన్న లెక్క నడివయసులో మొదలవుతుందని బెర్నిస్ న్యూగార్టెన్ అనే మనస్తత్వవేత్త ఎప్పుడో చెప్పారు. 1965లో ఎలియట్ జాక్వెస్ అనే మనోవిశ్లేషకుడు ‘మిడ్‌లైఫ్ క్రైసిస్’ అన్న మాట వాడిన వ్యాసం కూడా చావు గురించిన ఎరుక మీదే. అలాగని ఇది అందరికీ వచ్చేదేం కాదు. చాలామందిలో ఏదో ఒక దెబ్బ తర్వాతే బయటపడుతుంది. మీకు ఏడాదిలో రెండు తగిలాయి.

మీ ఉత్తరంలో నాన్నగారి వయసుంది, తోట ఉంది. ఆయన లేని లోటు గురించి ఒక్క మాట లేదు. కర్మకాండలు, బ్యాంకు కాగితాలు, పట్టాదారు పాసుపుస్తకం పేరు మార్పు... వీటి మధ్య మీకు ఏడవడానికి తీరిక దొరికిందా? నాకెందుకో తోట రూపంలో మీరు ఆయన్నే వెతుక్కుంటున్నారనిపిస్తోంది. అది పిచ్చి కాదు. కానీ దానికి మందు రాజీనామా కూడా కాదు.

వీఆర్ఎస్ కాగితం ఇప్పుడే పెట్టకండి. వేసవి సెలవులు ఎలాగూ మామిడి కోతల్లోనే వస్తాయి. ఆ నెలన్నర తోట దగ్గరే ఉండండి. ఎండ, కూలీల కొరత, బేరగాడు చెప్పే రేటు, అన్నీ కళ్లారా చూడండి. మీ నాన్నగారి గురించి చెప్పేవాళ్లూ అక్కడే దొరుకుతారు. తర్వాత కూడా మనసు అటే లాగితే, పెన్షన్ ఎంత, అమ్మాయి ఫీజులెంత అని కూర్చుని లెక్కేయండి. అది మీకు చేతనైన పనే.

మీ ఆవిడకి ఇంతవరకు జీతం ఆగిపోతుందన్న కబురే చేరినట్టుంది. ఆ 27 సంగతి చెప్పారా? ముందు అది చెప్పండి. అమ్మాయి వెళ్లాక ఇల్లు బోసిపోయింది ఆవిడకి కూడా.

ఒకసారి షుగర్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి. నీరసానికి, దిగులుకి ఒక్కోసారి కారణం అక్కడుంటుంది. నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి దెబ్బతింటే మాత్రం సైకియాట్రిస్టుని కలవాలి. బతకడం ఎందుకన్న ఆలోచన వస్తే అన్నాళ్లు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రి పగలు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

వేసవిలో తోటకి ఒంటరిగా వెళ్లకండి. కనీసం మొదటి వారం ఆవిణ్ణీ తీసుకెళ్లండి.